దుర్గా సినీటోన్

ధవళేశ్వరమునకు దిగువ గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలును. ఆ రెండు పాయల నడుమనున్న పచ్చని భూమియే కోనసీమ. ధవళేశ్వరమునకు కొలది దూరమున, ఎగువను, రాజమహేంద్రవరము కలదు. ఆంధ్రదేశమున తొలి చలనచిత్ర నిర్మాణశాల వెలసినది ఆ పట్టణముననే.

పూర్తిగా తెలుగు మాటలతో వెలువడిన మొదటి చిత్రము ‘భక్త ప్రహ్లాద’. అది 1932లో విడుదలయ్యెను. కాని తయారైనది బొంబాయిలో. 1933 నాటి ‘సతీ సావిత్రి’, 1934 నాటి ‘లవకుశ’ కలకత్తాలో తయారైనవి. భాష తెలుగు, పాటలు తెలుగు, నటులు తెలుగువారు. యంత్రములు మాత్రము దూరదేశమున నుండెను. చిత్రము తీయవలెనన్న నటులును గాయకులును రైలెక్కి పోయి, పని ముగియువరకు అచటనే యుండవలసివచ్చెడిది.

ఈ కొరతను తీర్పబూనినవారు నిడమర్తి సూరయ్యగారు. 1936లో ఆయన రాజమహేంద్రవరమున దుర్గా సినీటోన్‌ను స్థాపించెను. అది సామాన్యమైన పని కాదు. మాటల చిత్రమునకు బొమ్మను పట్టు యంత్రముతోపాటు శబ్దమును పట్టు యంత్రమును వలయును. బయటి చప్పుడు లోనికి రాకూడదు. తీసిన ఫిలిమును చీకటిగదిలో రసాయనములతో కడుగవలయును.

అచట తయారైన ‘సంపూర్ణ రామాయణము’ 1936లోనే వెలువడెను. అందు బాల సీతగా నటించినది పెంటపాడులో పుట్టిన పుష్పవల్లి. అప్పటికి ఆమె పదేండ్ల బాలిక. పిమ్మట ఆమె మదరాసు చిత్రములలో నటించి, 1942 నాటి ‘బాలనాగమ్మ’ వంటి వానితో ప్రసిద్ధి గాంచెను.

ఆమె పోయిన దారినే పరిశ్రమయు పోయెను. నిర్మాణశాలకు ఒక్క చిత్రము చాలదు. ఒకటి ముగియునప్పటికి మరియొకటి సిద్ధముగా లేనిచో యంత్రములు ఊరకుండును. ఖర్చులు మాత్రము ఆగవు. మదరాసులో తెలుగు, తమిళ చిత్రములు రెండును తయారగుచుండుటచే పనికి కొదువ లేకుండెను. రాజమహేంద్రవరమున కట్టి వసతి ఏర్పడలేదు. దుర్గా సినీటోన్ చిరకాలము నిలువలేదు.

అయినను గోదావరి యొడ్డున చిత్రములు తీయవచ్చునన్న సూరయ్యగారి తలంపు తప్పు కాలేదు. 1967లో వచ్చిన బాపు చిత్రము ‘సాక్షి’ కోనసీమలోని పులిదిండి గ్రామమున తీయబడెను. ఒకనాడు తెలుగు నటులు యంత్రములను వెదకుచు పరదేశములకు పోయిరి. ఆనాడు యంత్రములే గోదావరిని వెదకుచు వచ్చినవి. అచట గోడలు లేవు, తెరలు లేవు. ఊరే నిర్మాణశాల యయ్యెను.