గురుత్వ తరంగములు

విద్యార్థులారా! నిశ్చలమైన చెరువులో రాయి విసరినచో అలలు వలయములై గట్టు వరకు వ్యాపించుట మీరెరిగినదే. రాయి మునిగిపోయినను, అది పడిన వార్తను అల గట్టునకు చేర్చును. విశ్వమునందును ఇట్టి అలలు గలవని 1916లో ఆల్బర్టు ఐన్‌స్టీన్ గణితముచే ఊహించెను. అవియే గురుత్వ తరంగములు.

ద్రవ్యరాశి గల ప్రతి వస్తువును తన చుట్టునున్న దేశకాలములను వంచునని ఆయన సిద్ధాంతము. బరువైన వస్తువులు ఒకదానిచుట్టు ఒకటి తిరుగునపుడు ఆ వంపు అలలై కాంతివేగముతో ప్రసరించును. కాని అవి మిక్కిలి బలహీనములు. భూమి సూర్యుని చుట్టు తిరుగుటచే పుట్టు తరంగముల శక్తి, 100 వాట్ల దీపములు రెండింటిని వెలిగించుటకు మాత్రమే చాలును! 1936లో ఐన్‌స్టీనే ఈ తరంగములు లేవేమోయని సందేహించి, పిదప తన లెక్కలోని దోషమును గ్రహించి దిద్దుకొనెను.

బలమైన తరంగములకు కృష్ణబిలముల వంటివి కావలెను. మహానక్షత్రములు ఇంధనము తీరిన పిదప తమ బరువునకు తామే లోనికి కూలి కృష్ణబిలములగును. వానినుండి కాంతియైనను వెలువడజాలదు. అట్టివి రెండు జంటగా తిరుగునపుడు, తరంగరూపమున శక్తిని కోల్పోవుచు, దగ్గరగుచు, వేగము హెచ్చి తుదకు ఒక్కటియగును. కదలిక పొందిన కృష్ణబిలము, కొట్టిన గంట మ్రోగి అణగునట్లు, తరంగములను వెలువరించి శాంతించునని బెంగుళూరున జన్మించిన సి.వి. విశ్వేశ్వర 1970లో చూపెను.

2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరిశోధనశాలలు తొలిసారిగా ఈ తరంగమును పట్టినవి. ఒక్కొక్క శాలయందు 4 కిలోమీటర్ల బాహువులు రెండు లంబముగా నుండును. తరంగము సాగునపుడు ఒక బాహువు పెరిగి, రెండవది తరుగును. ఆ మార్పు ప్రోటాను వ్యాసములో నూరవ వంతు కంటెను తక్కువ. లేజరు కాంతిచే దానిని కొలిచిరి. దారిని పోవు బండి కదలికయే యట్లు భ్రమ గొల్పవచ్చును గదా? అందుచే దూరదూరముగా రెండు శాలలు నిర్మించిరి. లివింగ్‌స్టన్‌లో కనబడిన తరంగమే, సెకనులో వెయ్యింట 7 వంతుల పిమ్మట, హాన్‌ఫర్డులో కనబడెను. సందేహము తీరెను.

ఆ కృష్ణబిలములలో ఒకటి సూర్యునికి 36 రెట్లు, రెండవది 29 రెట్లు. కూడిన 65 కావలెను. మిగిలినది 62 మాత్రమే. తక్కిన 3 సూర్యుల ద్రవ్యరాశి తరంగశక్తియై, సుమారు 130 కోట్ల సంవత్సరములు పయనించి మనలను చేరినది. ఈ కృషికి 2017లో వైస్, బారిష్, థోర్న్ నోబెల్ బహుమానమును పొందిరి. ఇట్టి శాలను మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో నిర్మించుటకు 2023లో కేంద్ర మంత్రివర్గము ఆమోదించినది.

బాలబాలికలారా! ఈ పాఠమును నేటి సాయంకాలము మీ యింటిలో అవ్వకు, తాతకు మన తెలుగులో చెప్పి చూడుడు. వారికి తెలియునట్లు చెప్పగలిగితిరేని, మీకును తెలిసినట్లే.