కాన్పు తరువాత కుట్ల సంరక్షణము
తల్లులును, ఇంటి పెద్దలును తెలిసికొనదగిన విషయములు

బిడ్డ పుట్టిన ఇంట అందరి చూపును ఉయ్యాలమీదనే నిలుచును. బిడ్డ పాలు త్రాగినదా, నిద్రించినదా, బరువు పెరుగుచున్నదా యని పదుగురు విచారింతురు. తల్లి దేహమున నొక పచ్చిగాయము కలదనియు, అది మానుటకు శుభ్రతయు, ఆహారమును, విశ్రాంతియు కావలెననియు తలచువారు తక్కువ. ఆ గాయము చెప్పుకొనుటకు సిగ్గు కలిగించు చోట నుండుటయే యిందుకు కారణము. సిగ్గుచేత దాచిన గాయము ఆలస్యముగా మానును. ఒక్కొక్కప్పుడు మానక చెడును. కావున ఈ సంగతులను ఇంటిలో నిస్సంకోచముగా మాటలాడుకొనవలెను.

ఖరగ్‌పూరు తెలుగు ఇండ్లు

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండియు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములవారు అనేకులు ఖరగ్‌పూరు వచ్చి, రైల్వే కార్ఖానాలో పనిచేసి, అక్కడనే స్థిరపడిరి. నింపురా, మథురాకాఠి మొదలగు పేటలలో నేటికిని తెలుగు మాట వినవచ్చును. వారితోపాటు పురిటి ఆచారములును ఆ ఊరు చేరినవి. తొలికాన్పునకు తల్లి తోడుండుట, బాలింతకు బరువుపనులు చెప్పకుండుట ఎంతయు మేలైన ఆచారములు. పథ్యము పేరిట నీరు తగ్గించుటయు, కూరలు, పండ్లు మాన్పించుటయు మాత్రము కుట్లకు హాని చేయును.

ఒక రైల్వే కార్మికుని ఇంట తొలికాన్పు అయినదనుకొందము. బాలింతకు జలుబు చేయునను భయముతో అత్తగారు దినమునకు రెండు గ్లాసుల వేడినీరు మాత్రమే యిచ్చి, వెల్లుల్లి కారముతో అన్నము పెట్టినది. నాలుగవనాటికి మలబద్ధకము కలిగినది. కుట్లు తెగునేమో యను భయముతో కోడలు రెండు దినములు మలవిసర్జన నాపుకొన్నది. ఆరవనాడు మిక్కిలి ముక్కవలసివచ్చి, రక్తము కనిపించినది. ఆ సంగతి ఆమె ఎవరికిని చెప్పలేదు. పదియవనాటికి జ్వరము వచ్చినది. ఇందు అత్తగారికి ప్రేమ లేక కాదు, కోడలికి తెలివి లేక కాదు. తెలియజెప్పువారు లేకపోవుటయే లోపము.

గాయ మెట్లేర్పడును?

శిశువు తల వెలువడునపుడు యోనికిని మలద్వారమునకును నడుమనున్న భాగము మిక్కిలి సాగును. అప్పుడది కొంత చిరుగుట సాధారణము. చిరుగులను నాలుగు తరగతులుగా వైద్యులు విభజింతురు. మొదటి తరగతిలో చర్మము మాత్రమే చిరుగును. రెండవదానిలో లోపలి కండరములును చిరుగును. మూడవదానిలో మలద్వారమును బిగించియుంచు కండరమునకు గాయమగును. నాలుగవదానిలో గాయము మలాశయపు లోపొరవరకు పోవును. మొదటి రెండు తరగతులే తరచుగా సంభవించును. చివరి రెండింటికి నిపుణులచేత కుట్లు వేయించి, తరువాత చాలకాలము పరీక్ష చేయించుకొనవలెను.

కొన్నిచోట్ల వైద్యులే కత్తెరతో కోత పెట్టుదురు. సహజముగా జరుగు కాన్పులలో అందరికిని అలవాటుగా ఈ కోత పెట్టరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించినది. శిశువునకు అపాయము కలిగినపుడును, పనిముట్లతో కాన్పు చేయునపుడును అది అవసరము కావచ్చును.

ఆసుపత్రి విడుచుటకు ముందు తల్లిగాని, తోడున్నవారుగాని మూడు ప్రశ్నలు అడుగవలెను: చిరుగు ఏ తరగతిది? కుట్లు తమంతట కరగునవా, విప్పవలసినవా? మరల ఎప్పుడు రావలెను? ఈ ఉత్తరములను ఆసుపత్రి చీటిమీద వ్రాయించుకొనుట మంచిది. తొలికాన్పు పుట్టింట జరుపుకొని ఖరగ్‌పూరునకు మరలివచ్చు తల్లులు ఆ చీటిని తప్పక వెంట తెచ్చుకొనవలెను.

నిత్యము పాటించవలసినవి

శుభ్రత: గాయమును ముట్టుటకు ముందును, తరువాతను సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. మలమూత్ర విసర్జనానంతరము శుభ్రమైన నీటితో ముందునుండి వెనుకకు కడిగి, మెత్తని గుడ్డతో అద్దవలెను, రుద్దరాదు. మూత్రము మండినయెడల, మూత్రము పోయునపుడే గోరువెచ్చని నీరు పోసికొన్నచో మంట తగ్గును. ప్యాడును నాలుగు గంటల కొకసారి మార్చవలెను. పాత చీర గుడ్డలు వాడువారు వానిని సబ్బుతో ఉతికి, ఎండలో ఆరవేయవలెను. సిగ్గుపడి చీకటి మూలలో ఆరవేసిన గుడ్డ తేమగానుండి గాయమును చెరచును. కొళాయి నీరు వేళకు మాత్రమే వచ్చు ఇండ్లలో బాలింతకొరకు మూతపెట్టిన బిందె నొకదానిని వేరుగా నుంచవలెను.

గాయమునకు పసుపు, నూనె, బూడిద, ఆకుపసరు పూయరాదు. నిప్పుల కుంపటిని మంచము క్రింద నుంచరాదు.

నొప్పి: మొదటి రెండు దినములు మంచుముక్కలను గుడ్డలో చుట్టి పది నిమిషములు అద్దినయెడల వాపు, నొప్పి తగ్గును. మంచును తిన్నగా చర్మముపై నుంచరాదు. పారాసిటమాల్ మాత్రను వైద్యులు చెప్పిన మోతాదులో పాలిచ్చు తల్లులును వాడవచ్చును. కూర్చుండుట కష్టమైనచో ప్రక్కకు పండుకొని పాలీయవచ్చును.

ఆహారము: బాలింతకు దాహము తీరునంత నీరు ఈయవలెను. కాచి చల్లార్చిన నీరైనను, గోరువెచ్చని నీరైనను మేలే. పాలిచ్చు తల్లికి నీటి అవసరము మరింత యెక్కువ. పప్పు, తోటకూర, ఆనపకాయ, బీరకాయ, అరటిపండు, జామపండు, గ్రుడ్లు, పాలు, చేపలు గాయము మానుటకును, మలము మెత్తబడుటకును తోడ్పడును. ముక్కక సుఖముగా విసర్జించినచో కుట్లు తెగవు. విసర్జనకాలమున శుభ్రమైన గుడ్డను కుట్లకు ఆనించి పట్టుకొన్నచో ధైర్యముగా నుండును. మూడు దినములైనను మలవిసర్జన కానియెడల వైద్యుల నడిగి మందు పుచ్చుకొనవలెను.

పనియు, వ్యాయామమును: మెల్లగా నడచుట మంచిది. బిడ్డకంటె బరువైనదేదియు, ముఖ్యముగా నీటి బిందెలు, బాల్చీలు ఎత్తరాదు. మూత్రమును, అపానవాయువును ఆపుకొనునట్లు అడుగు కండరములను బిగించి, అయిదు లెక్కించి వదలవలెను. నొప్పి తగ్గిన పిమ్మట దీనిని పదిసార్లు చొప్పున, దినమునకు మూడు పర్యాయములు చేసినచో కండరములు బలపడును.

కుట్లు మానుట

నొప్పి సాధారణముగా మొదటి వారము తరువాత తగ్గుచు వచ్చును. కరగు కుట్లు కొన్ని వారములలో మాయమగును. నడుమ చిన్న దారపు ముక్కలు గుడ్డకు అంటుకొనినను భయపడవలదు. దాంపత్యమునకు నిర్ణీతమైన తిథి లేదు. గాయము మాని, భార్యకు ఇష్టమైనపుడే అది తగును. ఈ విషయమున భర్త ఓర్పు వహించుట భార్యకు పెద్ద ఉపకారము. నెలసరి మరల రాకముందే గర్భము నిలువవచ్చును గనుక తగిన పద్ధతినిగూర్చి ముందే వైద్యుల నడుగవలెను.

వెంటనే వైద్యుని చూడవలసిన గుర్తులు

జ్వరము, చలి, దినదినము పెరుగు నొప్పి, వాపు, చీముగాని దుర్వాసనగాని, కుట్లు విడిపోవుట, గంటలోపల ప్యాడు పూర్తిగా తడియునంత రక్తస్రావము, కాన్పు తరువాత ఆరు గంటలైనను మూత్రము రాకుండుట, మలమునుగాని వాయువునుగాని ఆపుకొనలేకపోవుట. ఈ చివరిదానిని స్త్రీలు ఏండ్ల తరబడి దాచుకొందురు. అది చేసిన పాపమునకు ఫలముగాని, విధివ్రాతగాని కాదు. చికిత్స గల వ్యాధి.

భాష రాదని వెనుదీయరాదు. కుట్లను బెంగాలీలో శేలాయి యనియు, హిందీలో టాంకే యనియు అందురు. చీమును బెంగాలీలో పూంజ్ అనియు, హిందీలో మవాద్ అనియు అందురు. జ్వరమన్న మాట బెంగాలీవారికి తెలిసినదే. ఈ మూడు మాటలు చాలు, నర్సుకు సంగతి బోధపడును.

రైల్వే ఉద్యోగుల కుటుంబములు రైల్వే ఆసుపత్రికిని, తక్కినవారు ఖరగ్‌పూరు మహకుమా ఆసుపత్రికిని పోవచ్చును. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పును, మందులును ఉచితము. ఆసుపత్రిలో కాన్పైన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములందు వచ్చు ఏర్పాటు కలదు. ఆమె బిడ్డను తూచునపుడు, తల్లియు తన కుట్ల సంగతి చెప్పుకొనవలెను.

ఇంటి పెద్దలకు మా విన్నపము ఒక్కటే. ప్రతిదినము బిడ్డనుగూర్చి అడిగిన పిమ్మట, "అమ్మా, నీ కుట్లు ఎట్లున్నవి?" అని తల్లినికూడ ఒకమా రడుగుడు. ఆ ప్రశ్నతో సిగ్గు తొలగును, గాయము సకాలమున మానును.