గవాచి చేయు పని

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల పాత మట్టిమిద్దెలలో కప్పునకు చిన్న రంధ్రమొకటి ఉండును. దానినే గవాచి అందురు. వెలుతురు కొరకును, పొయ్యి పొగ పోవుటకును దానిని పెట్టిరని చెప్పుదురు. అది నిజమే. కాని వేసవి రాత్రులలో ఇల్లు చల్లబడుటకు అది చేయు సాయము అంతకంటె గొప్పది.

గాలి వేడెక్కిన వ్యాకోచించి తేలికయగును. ఒక ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 1,165 గ్రాములు తూగును; 40 డిగ్రీల వద్ద సుమారు 1,127 గ్రాములే. ఈ కొద్ది తేడాయే గాలిని నడిపించును. లోని వేడిగాలి గవాచి గుండా పైకి పోగా, వాకిలి నుండియు, క్రింది కిటికీ నుండియు చల్లనిగాలి లోనికి వచ్చును. ఇటుకబట్టీ పొగగొట్టములో జరుగునదియు ఇదే.

క్రింది దారి మూసి గవాచి మాత్రము తెరచిన ప్రయోజనము స్వల్పము. పోవు గాలికి బదులు గాలి రావలెను గదా! రెండు దారుల నడుమ ఎత్తు హెచ్చిన కొలది ప్రవాహము హెచ్చును. అయితే ఎత్తు నాలుగింతలైనను గాలి రెండింతలే అగును. కనుక గవాచిపై రెండడుగుల గొట్టము నిలిపి అద్భుతములు ఆశింపరాదు.

వేళ తెలిసి తెరచుట ముఖ్యము. మధ్యాహ్నము బయటిగాలి లోని గాలికంటె వేడి. అప్పుడు ప్రవాహము తలక్రిందులగును: చల్లనిగాలి వాకిటి గుండా జారిపోవును, వేడిగాలి గవాచి నుండి దిగును. వానకు మూయు బండతోనే ఎండకును మూసి, ప్రొద్దుగూకి బయట చల్లబడిన పిమ్మట తెరువవలెను.

నేడు మిద్దెల స్థానమున స్లాబులు వచ్చినవి. మందమైన చౌటిమట్టి కప్పు ఎండవేడిని మెల్లగా లోనికి పంపెడిది. పలుచని స్లాబు పగలెల్ల కాగి, ఆ వేడిని రాత్రి పడుకొన్నవారిపై క్రుమ్మరించును. గవాచి అవసరము హెచ్చిన ఈ కాలముననే దానిని మానివేయుట విచారకరము. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరులో, నేతగానికి ఇల్లే కార్ఖానా. రాత్రి ఒడలు చల్లబడక, మరునాడు మరల వేడిలో మగ్గపు గుంటలో కూర్చొనువారికి వడదెబ్బ ముప్పు హెచ్చు. వృద్ధుల సంగతి, పసిబిడ్డల సంగతి చెప్పనక్కరలేదు.

క్రొత్తగా కట్టువారు స్లాబు పోయకమునుపే గవాచికి చోటుంచుమని మేస్త్రీకి చెప్పవలెను. దానిపై వాననీరు దిగకుండ గొడుగు, దోమలు రాకుండ జాలీ అమర్చవచ్చును. ఇదివరకే స్లాబు పోసినవారు కప్పును తొలిపింపరాదు. కమ్ములు తెగిన ప్రమాదము. గోడలో, కప్పునకు ఆనుకొని, మూయుటకు తలుపుగల వెంటిలేటరు పెట్టించిన చాలవరకు అదే పని చేయును.