తీర గ్రామములలో గ్యాసు పొయ్యి

నెల్లూరు తీరమున మైపాడు, జువ్వలదిన్నె వంటి గ్రామములకు గ్యాసు పొయ్యి క్రొత్త వస్తువు కాదు. 1999లో ప్రారంభమైన దీపం పథకము, 2016లో వచ్చిన ఉజ్జ్వల యోజన, 2024 నవంబరులో మొదలైన దీపం-2 దానిని పేదల యిండ్లకు చేర్చినవి. పొయ్యి చేరినంత త్వరగా దానిని ఉంచుకొను పద్ధతి చేరలేదు. పంచాయతీ సభ్యులు తమ వార్డులలో ముఖ్యముగా చూడవలసినది యిదియే.

కట్టెల పొయ్యి నేలమీద నుండెడిది. ఆ యలవాటు చొప్పుననే కొందరు గ్యాసు పొయ్యిని గూడ నేలమీద, సిలిండరు ప్రక్కనే పెట్టుచున్నారు. వంటగ్యాసు ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమము, గాలికంటె బరువైనది. కారినచో పొగవలె పైకి పోదు. నీటివలె నేలనంటి ప్రాకి పల్లమున నిలుచును. నేలమీది మంట దానికి ఎదురుగ నున్నట్లే గదా! కావున ఇటుకలతో సిలిండరుకంటె ఎత్తైన తిన్నె కట్టి పొయ్యిని దానిపై నుంచవలెను. సిలిండరును నేలపై నిలువుగా నుంచవలెనే గాని పరుండబెట్టరాదు.

తీరమున మరియొక చిక్కు కలదు. సముద్రపు గాలికి మంట కొట్టుకొనిపోవునని తలుపులు, కిటికీలు మూసి వండుదురు. గ్యాసు కొంత ఆదా కావచ్చును గాని, కారిన గ్యాసునకు బయటపడు దారి యుండదు. కిటికీ యొక్కటి తెరచిన చాలదు; బరువైన గ్యాసు దానికి క్రిందనే నిలిచిపోవచ్చును. పొయ్యిని గాలి సూటిగా తగులని మూలకు మార్చి, గోడ అడుగున నేలమట్టమున రంధ్రము విడువవలెను. ఎలుకల బాధ యున్నచో ఇనుప జల్లెడ బిగింపవచ్చును.

ఉప్పుగాలి ఇనుమును తినివేయును. బర్నరు రంధ్రములు పూడినచో నీలిమంట పసుపు రంగునకు తిరిగి గిన్నెలకు మసి పట్టును. గ్యాసు వృథా యగుచున్నదనుటకు అదియే గుర్తు. రబ్బరు గొట్టమును ఐదేండ్లకొకసారి, పగుళ్లు కనబడినచో వెంటనే, మార్చవలెను. గ్యాసు కారుచున్నదేమో సబ్బునురుగుతో పరీక్షింపవలెను; అగ్గిపుల్లతో నెన్నడును కాదు. సిలిండరు పైపట్టీ లోపలివైపున ఒక అక్షరము, రెండంకెలు ఉండును. ‘బి 29’ అనగా 2029 జూను నాటికి దానికి మరల పరీక్ష జరుగవలెనని అర్థము. గడువు దాటినదానిని తీసికొనరాదు.

ఇక పొదుపు మాట. చేపల పులుసు పొంగగానే మంట తగ్గించుట మన యిల్లాండ్రకు ఒకరు నేర్పనక్కరలేదు. అన్నమునకు, పప్పునకు గూడ అట్లే చేసి మూత పెట్టవలెను. మరుగుచున్న నీటి క్రింద మంట హెచ్చించినను నీటి వేడి పెరుగదు, ఆవిరి మాత్రమే పెరుగును.

గ్యాసు వాసన తగిలినప్పుడు విద్యుత్ స్విచ్చిని వేయరాదు, ఆపరాదు. రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరచి, వెలుపలికి వచ్చిన పిమ్మటనే 1906 సంఖ్యకు ఫోను చేయవలెను. ఈ సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుట మేలు.

2021 నవంబరులో పెన్న పొంగిన సంగతి జిల్లావారు మరువలేదు. ఇల్లు విడిచి పోవలసి వచ్చినప్పుడు రెగ్యులేటరు తీసి, మూత బిగించి, సిలిండరును స్తంభమునకు కట్టవలెను. ఖాళీదైనచో వరదలో తేలిపోవును.