వయ్యారిభామ మందుమొక్క కాదు

భాద్రపద మాసం వచ్చేసరికి మా గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిరప చేల గట్లపైన, రోడ్ల పక్కన, ఇళ్ల నడుమ ఖాళీ స్థలాల్లోను వయ్యారిభామ చిన్న చిన్న తెల్లని పూలతో విరగబూసి ఉంటుంది. కాంగ్రెసు గడ్డి అన్నా ఇదే. చామంతి కుటుంబానికి చెందినదే గాని, చామంతి వలె ఇంట పెట్టుకోదగినది కాదు.

అమెరికా ఖండంలో పుట్టిన ఈ మొక్కను మన దేశంలో 1955లో పుణె వద్ద గుర్తించారు. చరక సుశ్రుతులు ఎరుగని మొక్క ఇది. కనుక దీని రసానికి ఆయుర్వేద ప్రమాణం ఉన్నదని ఎవరు చెప్పినా నమ్మరాదు.

గుర్తించే విధము: వినాయక చవితి పత్రిలో మొదటిదైన మాచిపత్రి అనుకొని దీనిని కోసుకొచ్చేవారు ఉన్నారు. రెండింటి ఆకులూ చీలికలుగానే ఉంటాయి. అయితే మాచిపత్రి ఆకు అడుగున తెల్లని నూగు ఉంటుంది; నలిపితే సువాసన వస్తుంది. వయ్యారిభామకు ఆ తెలుపూ లేదు, ఆ సువాసనా లేదు. గాయాలకు వాడే గడ్డిచామంతి నేలబారుగా పాకి, పొడవైన కాడ చివర ఒక్కొక్క పూవు పూస్తుంది. గుంటగలగర ఆకు నలిపితే రసం నల్లబడుతుంది.

హాని కలిగే తీరు: “ఎన్నో ఏళ్లుగా పీకుతున్నాను, ఇప్పుడెందుకు దురద వచ్చింది?” అని కలుపు తీసే స్త్రీలు నన్ను అడుగుతుంటారు. ఇందులోని పార్థెనిన్ అనే పదార్థం తొలిసారి తాకగానే బాధ పెట్టకపోవచ్చు. పదేపదే తాకగా కొందరి శరీరం దానిని సహించడం మానేస్తుంది. అటుపైన గాలిలో తేలివచ్చే దాని ధూళి చాలు. కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి దురద పెడతాయి. పుప్పొడి వల్ల తుమ్ములు, ఆయాసము కూడా రావచ్చు.

చేయవలసినది: నిదాన పరివర్జనము, అనగా కారణాన్ని తొలగించడమే, మొదటి చికిత్స. చేలోనుండి రాగానే చల్లని నీటితో, సబ్బుతో కడుగుకొని బట్టలు మార్చాలి. చర్మం పొడిబారితే కొబ్బరినూనె రాయవచ్చు. రసి కారే చోట ఏ ఆకు ముద్దా వేయరాదు. సున్నం అసలే కూడదు. కళ్లు వాచినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.

ఒక్క మొక్క వేలకొలది గింజలు రాల్చుతుంది. కనుక పూతకు ముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు వేసుకొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని వేళ్లతో సహా పెరకాలి. పూయని మొక్కలను ఎరువు గుంటలో వేయవచ్చు. ఇదివరకే దురద వచ్చినవారు మాత్రం ఆ పనికి పోరాదు. ఇంట మరొకరు చేయాలి.