న్యూ వరల్డ్స్: బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ పత్రిక ఎదిగిన, ఆగిన తీరు

1936లో అభిమానులు ‘నోవే టెర్రే’ పేరుతో మొదలుపెట్టిన చిన్న పత్రికే ‘న్యూ వరల్డ్స్’కు మూలం. 1939లో జాన్ కార్నెల్ బాధ్యత తీసుకుని పేరు మార్చారు. 1946లో పెండ్యులమ్ సంస్థ దీన్ని మార్కెట్లోకి తెచ్చి, మూడు సంచికలకే దివాలా తీసింది. పాఠకులే తలా కొంత వేసుకుని నోవా పబ్లికేషన్స్ స్థాపించి 1949లో మళ్లీ నిలబెట్టారు. పాఠకుల పట్టుదలకు ఇంతకన్నా మంచి ఉదాహరణ అరుదు.

శ్రద్ధగా చదవాల్సింది 1964 తర్వాతి దశ. పాతికేళ్లు నిండకుండానే మైఖేల్ మూర్‌కాక్ సంపాదకుడయ్యారు. రాకెట్లు, గ్రహాంతర యుద్ధాలను పక్కనపెట్టి మనిషి మనసు, నగర జీవితం, భాషా ప్రయోగాల వైపు మళ్లించారు. ఇదే ‘న్యూ వేవ్’. జె.జి. బల్లార్డ్, బ్రయాన్ ఆల్డిస్ ఇందులో ముఖ్యులు. ఒక్కటి గమనించండి: ‘ఇన్నర్ స్పేస్’ (మనసు లోపలి లోకం)పై బల్లార్డ్ వ్యాసం వచ్చింది 1962లో, అంటే ఈ మార్పుకు బీజం కార్నెల్ హయాంలోనే పడింది.

పంపిణీదారు దివాలాతో డబ్బుకు కటకటలాడిన పత్రికను 1967లో ఆల్డిస్ చొరవతో దక్కిన ప్రభుత్వ నిధులతో నడిచే ఆర్ట్స్ కౌన్సిల్ గ్రాంటు ఆదుకుంది. అంతలో పత్రికలో ధారావాహికగా వచ్చిన నార్మన్ స్పిన్‌రాడ్ నవల ‘బగ్ జాక్ బారన్’పై దుమారం రేగింది. ప్రధాన దుకాణాల గొలుసు డబ్ల్యూ.హెచ్. స్మిత్ అమ్మకం ఆపేసింది. ప్రజాధనం దీనికా అని పార్లమెంటులో ప్రశ్న వచ్చింది. రచన బాగున్నా పాఠకుడి చేతికి అందే దారి మూసుకుపోవడమే అసలు దెబ్బ. పత్రిక ఖర్చుల కోసం మూర్‌కాక్ వరసపెట్టి నవలలు రాశారు. అయినా 1970లో 200వ సంచికతో క్రమం తప్పని ప్రచురణ ఆగింది. 1971 నుంచి పేపర్‌బ్యాక్ సంకలనాలుగా కొన్నేళ్లు కొనసాగింది.