నాచు ప్లాస్టిక్ ఉద్యోగం: చేరే ముందు వేసుకోవాల్సిన లెక్క

ఎండ, కార్బన్ డయాక్సైడ్, కాసిన్ని లవణాలు ఉంటే చాలు, సైనోబాక్టీరియా అనే నీలి ఆకుపచ్చ నాచు తన కణాల్లో పీహెచ్‌బీ అనే పాలిస్టర్‌ను దాచుకుంటుంది. దాన్ని బయటికి తీసి ప్లాస్టిక్‌గా వాడొచ్చు. పారేశాక మట్టిలోని సూక్ష్మజీవులే తినేస్తాయి. ఈ పని మీద స్టార్టప్ నుంచో, పైలట్ ప్రాజెక్టు నుంచో మీకు ఆఫర్ వస్తే అది విలువైన పనే. సంతకం పెట్టేముందు మాత్రం ఒకటి అడగండి: లీటరు కల్చర్‌కు రోజుకు ఎన్ని మిల్లీగ్రాముల పీహెచ్‌బీ వస్తోంది?

జవాబుగా చాలామంది శాతం చెబుతారు. 2020లో జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం బృందం సినెకోసిస్టిస్ పీసీసీ 6803 అనే సైనోబాక్టీరియా స్ట్రెయిన్‌లో పిర్‌సీ అనే నియంత్రక ప్రొటీన్ జన్యువును తీసేసి, మరో బ్యాక్టీరియా నుంచి పీహెచ్‌బీ తయారీ జన్యువులు చేర్చింది. పొడి బరువులో పీహెచ్‌బీ 60 శాతం దాటింది. అసిటేట్ కూడా ఇస్తే 80 దాటింది. మామూలు స్ట్రెయిన్‌లో 10, 15 శాతం రావడమే ఎక్కువ కాబట్టి ఇది పెద్ద ముందడుగే. కానీ అది కణం లోపలి శాతం. ట్యాంకులో కణాలు ఎన్ని ఉన్నాయో అది చెప్పదు.

కాగితం తీసుకుని లెక్క వేయండి. లీటరుకు 1 గ్రాము పొడి కణాలు, అందులో 10 శాతం పీహెచ్‌బీ అనుకుందాం. కిలో ప్లాస్టిక్‌కు 10,000 లీటర్ల కల్చర్ కావాలి. 60 శాతం వచ్చినా దాదాపు 1,700 లీటర్లు. చక్కెరతో పెంచే బ్యాక్టీరియా లీటరుకు 100 గ్రాములు దాటుతుంది. అందులో 80 శాతం పీహెచ్‌బీ అనుకుంటే కిలోకు పన్నెండున్నర లీటర్లు చాలు. తేడాకు ముఖ్య కారణం వెలుతురు. కల్చర్ చిక్కబడేకొద్దీ లోపలి కణాలకు వెలుతురు అందదు. చక్కెర ఖర్చు లేదన్న మాట నిజమే, కానీ అన్ని వేల లీటర్లను కలపడానికి, పంప్ చేయడానికి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడానికి కరెంటు బిల్లు కట్టాలి. ఆ బిల్లు కాస్ట్ షీట్‌లో ఉందో లేదో చూడండి.

రెండో చిక్కు కాలం. పీహెచ్‌బీ బాగా పేరుకోవాలంటే నత్రజని ఆపాలి, ఆపితే ఎదుగుదల ఆగిపోతుంది. నీలి ఆకుపచ్చ రంగు పోయి కల్చర్ పసుపుకు తిరుగుతుంది. కొత్తగా చేరినవాళ్లు అది చచ్చిపోయిందనుకుని పారబోసే ప్రమాదం ఉంది. రంగు మారడం ఈ ప్రక్రియలో భాగమే. అలా పస్తుపెట్టిన రోజులన్నీ కలిపి ప్రొడక్టివిటీ కట్టాలి. మంచి రోజులు మాత్రమే ఏరి స్లైడ్‌లో పెట్టమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. మొత్తం బ్యాచ్ రోజులతో కట్టిన అంకెను దాని పక్కనే రాయండి. ఇంకో సంగతి: అదే బ్యాచ్ నుంచి నీలిరంగు ఫైకోసయనిన్ కూడా అమ్ముతామని బిజినెస్ ప్లాన్‌లో ఉంటే ఆగండి. నత్రజని అందని కణం మొదట కరిగించుకునేవాటిలో ఆ రంగు ప్రొటీన్లే ఉంటాయి. రెండూ ఒకే బ్యాచ్‌లో నిండుగా రావు.

ఉద్యోగాలకు ఎసరు తెచ్చేది ఎక్కువగా కొలత. హడావుడిగా నడిచే ల్యాబుల్లో కణాలను గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో వేడిచేసి, 235 నానోమీటర్ల దగ్గర క్రొటోనిక్ ఆసిడ్ రీడింగ్ తీస్తారు. కణంలోని ఇతర పదార్థాలు కూడా అక్కడ కాంతిని పీల్చుకుంటాయి కాబట్టి రీడింగ్ పెరగొచ్చు. పీహెచ్‌బీని గుర్తించడానికి వాడే నైల్ రెడ్ రంగు కొవ్వులకూ అంటుతుంది. మీరు 20 శాతమని రిపోర్టు ఇచ్చారు, ఇన్వెస్టర్ పంపిన బయటి ల్యాబ్ గ్యాస్ క్రొమటోగ్రఫీ (జీసీ)లో 9 చూపించింది అనుకోండి. అప్పుడు అందరూ చూసేది రిపోర్టు కింద ఉన్న మీ సంతకాన్నే. మొదటి నుంచే జీసీతో సరిచూడండి. పీహెచ్‌బీ తయారుచేయలేని మ్యూటెంట్‌ను కంట్రోల్‌గా పక్కన నడపండి.

బయటి ట్యాంకుల్లో సీలియేట్లు అనే ఏకకణ జీవులు చేరి కల్చర్‌ను తినేస్తాయి. స్పిరులినాను క్షారగుణం ఎక్కువున్న నీరు కొంత కాపాడుతుంది, ఆ రక్షణ అన్ని స్ట్రెయిన్లకూ ఉండదు. దిగుబడి కోసం అసిటేట్ పోస్తే, స్టెరైల్ కాని కల్చర్‌లో ముందు బలిసేది వేరే బ్యాక్టీరియా. జన్యుమార్పిడి స్ట్రెయిన్ అయితే సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి మొదలుకొని కాగితాలన్నీ ఉండాలి. అలాంటి స్ట్రెయిన్‌ను బయటి చెరువులో పెంచమని ఎవరైనా చెబితే ఆ ఆదేశం రాతపూర్వకంగా అడగండి.

పీహెచ్‌బీ వచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. అది కరిగేది సుమారు 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర, దానికి కొంచెం పైనే గొలుసులు తెగడం మొదలవుతుంది. మోల్డింగ్ మెషీన్ దగ్గర ఆ ఇరుకులోనే పనిచేయాలి. పైగా పెళుసు, అందుకే గొలుసులో హైడ్రాక్సీవాలరేట్ కలిసిన పీహెచ్‌బీవీ వాడతారు. మన దేశంలో కంపోస్టబుల్ అని ముద్రించి అమ్మాలంటే ఐఎస్ 17088 పరీక్ష, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ అవసరం. మార్కెటింగ్ వాళ్లు లేబుల్ ముందే వేయించకుండా చూడండి.

మార్కెట్‌నూ తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలోని అయోవా రాష్ట్రం క్లింటన్‌లో మెటబాలిక్స్, ఏడీఎం కలిసి మొక్కజొన్న చక్కెరతో ఇదే కుటుంబానికి చెందిన ప్లాస్టిక్ చేయడానికి ఏడాదికి 50,000 టన్నుల సామర్థ్యంతో ప్లాంటు కట్టాయి. 2012లో ఏడీఎం తప్పుకుంది. వెలుతురు సమస్య లేని దారిలోనే అలా జరిగింది.

అందుకని మీ పేరును ఒక్క స్ట్రెయిన్‌కు కట్టేసుకోకండి. బయోరియాక్టర్ నడపడం, జీసీ, సెంట్రిఫ్యూజ్, ఎక్స్‌ట్రాక్షన్, కాస్ట్ షీట్ నేర్చుకోండి. ప్రాజెక్టు మూతపడినా హైదరాబాద్ ఫార్మా, ఫెర్మెంటేషన్ యూనిట్లలో ఇవే అడుగుతారు. ఇంటర్వ్యూలో చివరి మూడు బ్యాచ్‌ల జీసీ డేటా చూపించమనండి. గోప్యమైతే మీ పేరుతో గోప్యతా ఒప్పందం రాయించుకుని చూపిస్తారు. అదీ కుదరదంటే పాత ఉద్యోగానికి రాజీనామా అప్పుడే పంపకండి.